దుప్పటి అంచున నాలుగు వేళ్ళు

నలభై ఒక్క ఏళ్ళు ఫోటోలు తీసి, కళ్ళు మూసుకున్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి కూడా బయటికి పోనివ్వని మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఈ కథ ఆయనదే. తుమ్ము సగంలో ఉన్నవాడికి కూడా కళ్ళు తెరిపించి తీసిన ఘనుడాయన. ఒకసారి రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కాపలాదారు స్టూలు మీదే గురక పెట్టాడు. ఆయన ఏమీ కంగారు పడలేదు. ఒక గురకకీ ఇంకో గురకకీ మధ్య ఆ రెప్పలు విడివడిన క్షణం పట్టుకుని మీట నొక్కాడు. కాపలాదారు ఆ ఫోటో చూసుకుని, "నేనింత మెలకువగా ఎప్పుడున్నానండీ?" అని తెల్లబోయాడు. నమ్మండి, చెబుతున్నాను కదా.

అందరూ ఆయన్ని స్టూడియో పెద్దాయన అంటారు. స్టూడియో అంటే పెద్ద హంగేం ఊహించుకోకండి. ఒక మేడ మెట్ల కింద గది. ఒక తెల్ల గోడ, ఒక గుండ్రటి స్టూలు, ఒక అద్దం, ఎవరూ జేబులో వేసుకుపోకుండా ఆ అద్దానికి తాడుతో కట్టేసిన దువ్వెన. తీసేవన్నీ గుర్తింపు కార్డుల ఫోటోలు. ఆఫీసుల వాళ్ళ షరతులు ఆయనకి ఊపిరిలా ఒంటబట్టాయి: నవ్వకూడదు, నోరు మూసుండాలి, రెండు చెవులూ కనపడాలి. అందుకే ప్రతి ఫోటోకీ ముందు మూడే మాటలు. "రెడీ. నవ్వొద్దు. చెవులు."

గదికి కిటికీ ఒక పక్కే ఉంది. స్టూలు మీద కూర్చున్న మనిషికి ఒక చెంప వెలుగులోనూ, ఇంకో చెంప చీకట్లోనూ ఉండేది. ఆ చీకటి చెంప వైపు ఆయన భార్య తెల్ల దుప్పటి ఒకటి రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడేది. కిటికీ వెలుతురు దుప్పటికి తగిలి, వెనక్కి మళ్ళి, ఆ చెంపని కూడా వెలిగించేది. వీధిలో పిల్లలు ఆవిడకి దుప్పటమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ పలికేది కూడా.

ఏటా సెలవులకి ఇంట్లో వాళ్ళందరూ చేరినప్పుడు తీసే ఫోటో కూడా ఇదే పద్ధతి. దొరగారిలా ఆయన కెమెరా వెనక, దుప్పటి పట్టుకుని ఆవిడ పక్కన, మిగతా వాళ్ళందరూ గోడకి జేరబడి ఊపిరి బిగబట్టి నిలబడ్డం.

ఈ ఏడాది చివరి సెలవులకీ అందరూ వచ్చారు. పెద్దమ్మాయి, అల్లుడు, వాళ్ళ ముగ్గురు పిల్లలు. కొడుకు, కొత్త కోడలు. ఆవిడ తమ్ముడు, అంటే పెద్దాయన బావమరిది. ఈ బావమరిది గురించి ఒక ముక్క చెప్పాలి. వయసు అరవై దాటినా తల నిండా ఒత్తుగా నల్లటి జుట్టు. దువ్వితే దువ్వెన పళ్ళు విరగాల్సిందే.

పళ్ళంటే గుర్తొచ్చింది, కొత్త కోడలు పళ్ళ డాక్టరు. పెళ్ళై ఆరు నెలలే అయింది కాబట్టి, చుట్టాల మొహాలు గుర్తుపట్టడం నేర్చుకుందామని పాత ఆల్బములన్నీ ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుంది. ఒక్కో పేజీ తిప్పుతున్న కొద్దీ ఆమె కనుబొమలు పైకి పోతున్నాయి.

"మామయ్యా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోరుగా?"

"అడుగమ్మా," అన్నాడు పెద్దాయన, ఏదో మెచ్చుకోలు రాబోతోందని సర్దుకు కూర్చుంటూ.

"ఈ ఇంట్లో ఎవరికీ పళ్ళు లేవా?"

కొడుక్కి టీ పొలమారింది.

"నిజంగానే అడుగుతున్నాను. ఇరవై ఆరేళ్ళ ఫోటోలు చూశాను. ఒక్క పన్ను కనపడలేదు. అందరూ పరీక్ష తప్పి ఇంటికొచ్చినట్టున్నారు."

"అది క్రమశిక్షణమ్మా. నవ్వితే మొహం కదులుతుంది, చెవులు వెనక్కి పోతాయి."

"అమ్మాయీ, నీకు తెలీదు," అందుకున్నాడు బావమరిది. "మా బావ పొద్దున్నే అద్దం ముందు నిలబడి తనకి తనే 'నవ్వొద్దు' అని చెప్పుకునే రకం."

"నువ్వు నోర్మూసుకోరా."

"అదిగో, ఫోటో లేకపోయినా నోరు మూయించేస్తాడు!"

అందరూ నవ్వారు. కోడలు మాత్రం మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. "సరే, పళ్ళు పోనివ్వండి. అత్తయ్య ఎక్కడ?"

పెద్దాయన లేచి వచ్చి, ఫోటోకి ఎడమ పక్క అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ తెల్ల దుప్పటి కొస కొంచెం కనపడుతోంది. దాన్ని పట్టుకుని నాలుగు వేళ్ళు. "ఇదిగో, మీ అత్తయ్య!" అన్నాడు గర్వంగా. తర్వాతి పేజీ. నాలుగు వేళ్ళు. ఆ తర్వాతి పేజీ. నాలుగు వేళ్ళు. ఒక ఏడాది అదృష్టం బాగుండి మోచెయ్యి కూడా పడింది.

"ఇవి నాలుగు వేళ్ళు మామయ్యా," అంది కోడలు మెల్లగా. "అత్తయ్య కాదు."

అప్పుడే ఖాళీ కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చిన ఆవిడ ఆ మాట విని ఫక్కున నవ్వింది. "వేళ్ళయినా పడ్డాయి, సంతోషించు తల్లీ. నా బొటనవేలు చూడు పాపం, నలభై ఏళ్ళుగా దుప్పటి వెనకే."

అందరితో పాటు పెద్దాయనా నవ్వాడు. కానీ కాసేపయ్యాక, అందరూ ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయాక, ఆయన తలుపు దగ్గర నిలబడి ఒకటి చూశాడు. ఆవిడ ఒక్కతే కూర్చుని ఆల్బము తిప్పుతోంది. ప్రతి పేజీలోనూ మధ్యలో ఉన్నవాళ్ళని చూడ్డం లేదు. ఎడమ అంచునే చూస్తోంది. చూసి, పేజీ తిప్పుతోంది.

ఆవిడకి వేరే ఫోటోలే లేవా అంటే, ఉన్నాయి. పెళ్ళినాటిది ఒకటి. అందులో తల వంచుకుంది, పాపిడి తప్ప ఏమీ కనపడదు. గుర్తింపు కార్డు మీద ఒకటి. అది తీసింది ఆయనే, అందులో నవ్వొద్దన్నదీ ఆయనే. పోనీ ఈ రోజుల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా అంటారేమో. ఫోన్లుంటే ఏం లాభం? ఎవరు ఫోన్ ఎత్తినా ఆవిడ చెయ్యి దానంతటదే తువ్వాలు కోసం వెతుక్కునేది. మరుక్షణం తువ్వాలు చాపి పట్టుకుని పక్కకి జరిగిపోయేది. పిల్లలు "అమ్మమ్మా, రా!" అని పిలిస్తే, "మీకు వెలుతురు చాలదర్రా!" అనేది.

ఆ సాయంత్రం టీల దగ్గర పెద్దాయన గొంతు సవరించుకుని ప్రకటించాడు. "రేపు పొద్దున ఫోటో. ఇక్కడే, హాల్లో. ఈసారి మీ అమ్మ మధ్యలో. నేనూ ఉంటాను, పక్కన. వేళ్ళు కాదు, మనిషి మనిషంతా పడాలి."

"మధ్యాహ్నం బండికి మేం వెళ్ళిపోవాలి కదా నాన్నా," అంది పెద్దమ్మాయి.

"అందుకే పొద్దునన్నాను. తొమ్మిదింటికి ఈ కిటికీలోకి వెలుతురొస్తుంది. తొమ్మిదిన్నరకి ఎదురు మేడ నీడ పడిపోతుంది. అరగంట ఉంది మనకి."

"నలభై ఒక్క ఏళ్ళ బాకీకి అరగంటా!" అన్నాడు బావమరిది. "సరిపోతుందిలే బావా, నువ్వసలే వేగం మనిషివి."

తెల్లారేసరికి ఇల్లు పీకి పందిరేశారు. స్నానాల గది ముందు వరస. ఇస్త్రీ పెట్టె కోసం కొడుక్కీ అల్లుడికీ చిన్న యుద్ధం. చిన్న మనవరాలు రెండు చెవులూ చేతుల్తో ముందుకి లాక్కుంటూ తిరుగుతోంది, ఫోటో అంటే చెవులే అని ఆ పిల్ల నమ్మకం. పెద్దాయన అయితే అయిదింటికే లేచి కెమెరా మూడుకాళ్ళ స్టాండుని హాల్లో ఆరు చోట్ల పెట్టి చూశాడు. ఏడో చోటుకి మార్చబోతుంటే చీపురు పట్టుకున్న భార్య, "ఏమండీ, అదేమన్నా పెళ్ళికూతురా, అన్ని ఇళ్ళూ చూపించడానికి?" అంది.

తొమ్మిది కొట్టగానే వెలుతురు వచ్చింది. వేడి పాలలా కిటికీలోంచి జారి నేల మీద పడింది. పెద్దాయన ఒళ్ళంతా ఝల్లుమంది.

"రండర్రా! త్వరగా! ఏమే, నువ్వు మధ్యలో కూర్చో. అల్లుడుగారూ, ఈ దుప్పటి కాస్త మీరు పట్టుకోండి. కాస్త వెలుతురు చూసుకున్నాక నేను మీ చోటుకీ ఒక ఉపాయం చెబుతాను."

అల్లుడు రోడ్ల కొలతలు తీసే ఉద్యోగి. ఆయన దుప్పటిని గోడలా, నిటారుగా, అంగుళం కూడా కదలకుండా పట్టుకున్నాడు. కొలతలో లోపం లేదు. వెలుతురు మాత్రం పోయి ఫ్యాను మీద పడింది. నలభై ఏళ్ళలో ఆ ఫ్యాను అంత అందంగా ఎప్పుడూ కనపడలేదు.

మధ్యలో కూర్చున్న ఆవిడ ప్రాణం నిలవలేదు. "కాస్త వంచండి బాబూ. అంత కాదు. పై కొస ముందుకి. అయ్యో, అలా కాదు, కింద కొస..."

"కదలకే!" అన్నాడు పెద్దాయన కెమెరాలో కన్ను పెట్టి. "రెడీ. నవ్వొద్దు. చెవులు!"

క్లిక్కుమంది. అందరూ కెమెరా చుట్టూ మూగారు. ఫోటోలో మధ్య కుర్చీ ఖాళీగా ఉంది. ఎడమ అంచున దుప్పటి కొస. దాని మీద నాలుగు వేళ్ళు.

"అమ్మా!" అని ఒక్కసారి అరిచారు కొడుకూ కూతురూ.

"ఎప్పుడు లేచానో నాకే తెలీదర్రా," అంది ఆవిడ, అల్లుడి చేతిలోంచి లాక్కున్న దుప్పటి ఇంకా పట్టుకునే.

గడియారంలో తొమ్మిదీ ఎనిమిది. "అసలు దుప్పటే వద్దు!" అని పెద్దాయన దాన్ని సోఫా మీదకి విసిరేశాడు. కెమెరాకి సమయం పెట్టాడు. మీట నొక్కాక పది సెకన్లు కూసి కూసి అదే తీసుకుంటుంది. నొక్కి, మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. కెమెరా కుయ్, కుయ్, కుయ్ అంది. ఆ కూతకి ఇంటిల్లిపాదీ రాళ్ళైపోయారు. నోళ్ళు మూతపడ్డాయి. చెవులు ముందుకొచ్చాయి. అల్లుడైతే ఊపిరి కూడా ఆపేశాడు. క్లిక్.

చూస్తే ఏముంది? పది మందికీ సగం మొహం తెలుపు, సగం మొహం నలుపు. పదిమంది అర్ధచంద్రులు వరసగా నిలబడ్డట్టుంది. అంతకంటే ఘోరం ఇంకొకటి. పెద్దాయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... అయిదుగురు కళ్ళు మూసుకున్నారు.

ఆయన మొహం పాలిపోయింది. "నా ఫోటోలోనా? అయిదుగురా?"

"మరి 'ఊఁ' అనేవాళ్ళు లేరు కదా బావా," అన్నాడు బావమరిది.

"ఊఁ ఏంట్రా?"

"అక్క అనేది కదా. దుప్పటి పక్కనుంచి అందరి కళ్ళూ చూసి, అన్నీ తెరుచుకున్న క్షణంలో 'ఊఁ' అనేది. నువ్వు నొక్కేవాడివి. స్టూడియోలోనూ అంతే, ఇంట్లోనూ అంతే."

ఇక్కడ ఒక మాట ఒప్పేసుకోవాలి. మొదట్లో కొట్టిన గొప్పలో సగం ఆవిడ గొంతుదే. కాపలాదారు గురకల మధ్య పట్టుకున్నది కూడా ఆవిడ "ఊఁ"యే. మిగతా సగం సంగతి అంటారా? "ఊఁ" అన్నా కూడా చెయ్యి ఆలస్యమై, కళ్ళు మూతపడ్డ ఫోటోలు బోలెడు. వాటిని ఎవరి కంటా పడకముందే ఆయన చింపేసేవాడు. బయటికి పోలేదన్నాను గాని, తియ్యలేదన్లేదు కదా.

పెద్దాయన భార్య వైపు తిరిగాడు. "అది గొంతు సవరించుకోవడం కాదూ?"

"నలభై ఏళ్ళుగా గొంతు సవరించుకుంటుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి కదండీ!"

ఇల్లు దద్దరిల్లేలా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. గోడ గడియారం చూశాడు. తొమ్మిదీ పదిహేను. ఎదురు మేడ నీడ అప్పుడే కిటికీ చువ్వల్లో మొదటిదాన్ని మింగేసింది. ఆవిడ పట్టుకుంటే ఆవిడ ఉండదు. ఆవిడ ఉంటే వెలుతురు ఉండదు. మధ్యాహ్నం బండికి అందరూ వెళ్ళిపోతారు. ఆల్బములో ఇంకో పేజీ, ఇంకో నాలుగు వేళ్ళు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నాకు తోచడం లేదే," అన్నాడు. ఆ మాట ఆయన నోటి వెంట రావడం పిల్లలెవరూ అంతకుముందు వినలేదు.

ఆవిడ హాలు మధ్యకి వచ్చి నిలబడి, కిటికీ వైపు చూసింది. నేల మీద వెలుతురు చూసింది. పక్కనే నిలబడ్డ కోడలి గడ్డం పట్టుకుని మొహాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. నలభై ఏళ్ళు వెలుతురుని చేతుల్లో మోసిన మనిషికి దాని బరువెంతో తెలుసు కదా.

"భోజనాల బల్ల," అంది.

"ఏంటే?"

"బల్ల తెచ్చి కిటికీ కింద వెయ్యండి. దుప్పటి దాని మీద పరవండి. నేను పట్టుకుంటే ఏంటి, బల్ల పట్టుకుంటే ఏంటి? అందరం చుట్టూ కూర్చుంటే వెలుతురు కింద నుంచే లేచి మొహాల మీద పడదూ?"

పెద్దాయన నోరు తెరిచాడు. కింద నుంచి వెలుతురేంటి, అలా ఎవరైనా తీస్తారా అనబోయాడు. అనలేదు. లేచాడు. "ఏంట్రా చూస్తారు? పట్టండి!"

ఇక చూడాలి ఆ హడావిడి. కొడుకూ అల్లుడూ బల్ల ఎత్తారు. బల్ల మీదున్న మంచినీళ్ళ జగ్గు పిల్లల చేతుల మీదుగా వంటింట్లోకి పోయింది. కుర్చీలు నేలని గీరుకుంటూ వచ్చాయి. కోడలు దుప్పటి దులిపి పరిచింది. దానికి ఎనిమిది చోట్ల అతుకులు, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత దుప్పటి. అది పడీ పడగానే హాలంతా దీపం పెట్టినట్టయింది.

"అక్కా, నేనెక్కడ?" అన్నాడు బావమరిది.

"నువ్వు వెనక నిలబడరా," అన్నాడు పెద్దాయన. "ముందుంటే మెరుపొస్తుంది."

జుట్టుకి నూనె పెట్టుకున్నాడు కదా, ఆ నిగనిగ సంగతి అన్నమాట.

ఆవిడ బల్ల మధ్యలో కూర్చుంది. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకసారి ఒళ్ళో పెట్టుకుంది, ఒకసారి బల్ల మీద పెట్టింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. చిన్న మనవరాలు వచ్చి ఆ చేతుల మధ్య దూరి కూర్చుంది.

పెద్దాయన కెమెరాలోంచి చూశాడు. చూసి, కన్ను తీసి, మామూలుగా చూశాడు. మళ్ళీ కెమెరాలోంచి చూశాడు. ఎన్ని వేల మంది చెంపల మీద పడిందో ఆ వెలుతురు. ఆ దుప్పటి వెలుతురు ఆవిడ మొహం మీద పడగా ఆయన చూడ్డం ఇదే మొదటిసారి.

"మామయ్యా, తొమ్మిదీ ఇరవై ఏడు!" కోడలు కేక పెట్టింది. "ఇదిగో, ఒక్క విన్నపం. రెడీ అనకండి. ఆ కూత కూడా ఆపెయ్యండి. ఆ రెండూ వింటే ఈ ఇంట్లో అందరికీ దవడలు బిగుసుకుపోతున్నాయి."

ఆయన కూత ఆపేశాడు. పది సెకన్ల తర్వాత వరసగా పది ఫోటోలు పడేలా పెట్టాడు. "ఎవరూ కెమెరా గురించి ఆలోచించకండి. హాయిగా, మామూలుగా ఉండండి," అని, మీట నొక్కి, బయల్దేరాడు.

బయల్దేరాడు గాని, మోకాలు అడుగడుక్కీ కలుక్కుమంటోంది. స్టాండు కాలు దాటాడు. చిన్న పీట దాటాడు. బల్ల దగ్గరికి వచ్చేసరికి, ఎదురుగా పది సెకన్ల లోపు ఫోటో పడబోతున్న తొమ్మిది మొహాలు కనిపించాయి. నలభై ఒక్క ఏళ్ళ అలవాటు ఆయన ఛాతీలోంచి పొంగుకొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు. ఆగలేదు. సగం కూర్చుని, సగం నిలబడి, వేలు చూపించి ఒక్క గావుకేక పెట్టాడు.

"నవ్వొద్దు! చెవులు!"

ముందుగా పగలబడింది ఆవిడ. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, బల్ల మీద రెండు అరచేతులూ టపటపా కొడుతూ నవ్వింది. కోడలు ఒరిగిపోయింది. అల్లుడు పెళ్ళైనప్పట్నుంచీ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలేశాడు. మనవరాలు చెవులు వదిలేసి అమ్మమ్మ మొహంలోకి చూసి నవ్వింది. పెద్దాయన ఏం జరిగిందో అర్థంకాక, అర్థమై, సిగ్గుపడి, ఆఖరికి తనూ నవ్వేశాడు. ఈలోగా కెమెరా తన మానాన తను టకటకటకా పది తీసేసుకుంది. ఎదురు మేడ నీడ వచ్చి దుప్పటి మీద పడింది.

మొదటి మూడు చెదిరిపోయాయి. నాలుగో దాంట్లో కొడుకు తల లేదు. ఏడో ఫోటో తెర మీదకి రాగానే అందరూ ఒక్కసారి "అబ్బ!" అన్నారు. అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. అందరి పళ్ళూ కనపడ్డాయి, కోడలు అక్కడికక్కడే లెక్కపెట్టింది. మధ్యలో ఆవిడ, పాపిడి నుంచి మోచేతుల దాకా, పది వేళ్ళతో సహా. బొటనవేళ్ళు రెండూ తెల్ల దుప్పటి మీద దర్జాగా ఉన్నాయి.

పక్కన పెద్దాయన. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని నవ్వుతున్నాడు.

"ఇది కుదరదు," అన్నాడాయన. చెయ్యి అప్పుడే తుడిపేసే మీట మీదకి పోయింది. "కళ్ళు మూసుకున్న ఫోటో నా చేతిలోంచి బయటికి పోదు."

ఆవిడ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. "ఇన్నాళ్ళూ నేను వేళ్ళతో సరిపెట్టుకున్నాను కదా. ఈ ఒక్కసారికి మీరు మూసుకున్న కళ్ళతో సరిపెట్టుకోండి."

ఆయన ఫోటో వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. తర్వాత చెప్పులేసుకుని స్టూడియోకి పరిగెత్తాడు. మధ్యాహ్నం బండికి ముందే ప్రతి సంచీలోనూ ఒక కాపీ పడింది. అన్నిటికంటే పెద్దది స్టూడియో అద్దం పక్కన, దువ్వెనకి పైన తగిలించాడు. అప్పట్నుంచి ఆయన వ్యాపారానికి పెద్ద చిక్కొచ్చిపడింది. స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి ఆయన "నవ్వొద్దు" అనగానే వాళ్ళ చూపు ఆ ఫోటో మీదకి పోతుంది. ఇక ఆపడం ఎవరి తరం?

ఇప్పుడు ఒక్క నిజం చెప్పి ముగిస్తాను. ఈ కథలో నేను కల్పించింది ఒకటే. బావమరిదికి తల నిండా ఒత్తుగా నల్లటి జుట్టుందని రాశాను. ఆ ఫోటోలో వెనక వరసలో, దుప్పటి వెలుతురంతా నాదే అన్నట్టు తళతళా మెరుస్తోందే, అది నా బట్టతల.